బ్యాటరీ లేని ట్రాకర్ క్రేట్లకి పనికొస్తుందా? టవర్‌తో నేరుగా మాట్లాడేవి ఉన్నాయా?

బోయిన్‌పల్లి_క్రేట్లు
అందరికీ నమస్కారం. మాది ప్లాస్టిక్ క్రేట్లు అద్దెకిచ్చే వ్యాపారం. బోయిన్‌పల్లి మార్కెట్ దగ్గర గోడౌన్ ఉంది. టమాటా సీజన్‌లో మా క్రేట్లు చేవెళ్ల, వికారాబాద్, గజ్వేల్ వైపు పోతాయి, ఒక్కోసారి మదనపల్లె దాకా కూడా. పోయినవన్నీ తిరిగి రావు. ఎవరి పొలంలో ఆగాయో, ఏ కమీషన్ ఏజెంటు షెడ్డులో పడున్నాయో తేలదు. చివరికి డిపాజిట్ దగ్గర గొడవ. రైతు ఇచ్చేశానంటాడు, డ్రైవర్ ఎక్కించుకోలేదంటాడు. మధ్యలో మా గుమాస్తా రాసుకున్న పుస్తకమే సాక్ష్యం.

ఈమధ్య ఒక కంపెనీ నుంచి సేల్స్ అతను వచ్చాడు. "బ్యాటరీ ఉండదు, ఛార్జింగ్ ఉండదు. స్టిక్కర్ లాగా అతికిస్తే చాలు, సెల్ టవర్ సిగ్నల్ నుంచే కరెంటు తీసుకుంటుంది. క్రేట్ దేశంలో ఎక్కడున్నా మీ ఫోన్‌లో కనిపిస్తుంది" అన్నాడు. అడ్వాన్స్ అడుగుతున్నాడు. వినడానికి బాగుంది కానీ నాకు ధైర్యం చాలట్లేదు. రేడియో, టెలికాం పని తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు కదా, ఇది జరిగే పనేనా చెప్పండి.

యాంటెన్నా
ముందు అడ్వాన్స్ ఆపండి. మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

అతను చెప్పిన మాటల్ని విడివిడిగా చూస్తే ప్రతిదీ నిజమే. బ్యాటరీ లేని రేడియో స్టిక్కర్ ఉంది, మీ బండి అద్దం మీద ఉన్న ఫాస్టాగ్ అదే. మెట్రో కార్డులోనూ బ్యాటరీ లేదు. రేడియో తరంగాల నుంచి కరెంటు తీయొచ్చు, ఆ రెండూ చేసేది అదే. సెల్ నెట్‌వర్క్ మీద చిన్న చిన్న పరికరాలని ఏళ్ల తరబడి నడపొచ్చు, కరెంటు మీటర్లు, నీటి మీటర్లు అలా నడుస్తున్నాయి. ఈ మూడింటినీ కలిపి ఒక్క స్టిక్కర్‌లో పెట్టాం, అది ఎక్కడినుంచైనా పలుకుతుంది అన్నాడు చూడండి, అక్కడే తేడా.

ఫాస్టాగ్ తనంతట తాను ఏమీ పంపదు. టోల్ గేటు మీది రీడర్ 865 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం వదులుతుంది. ట్యాగ్‌లోని చిప్ దాంట్లో కొంత మింగి లేస్తుంది, మిగతాదాన్ని తన యాంటెన్నాతో తిప్పికొడుతుంది. చిన్నప్పుడు అద్దం ముక్కతో ఎండని ఎదురింటి గోడ మీద కొట్టేవాళ్లం కదా, అలాగే. అద్దాన్ని ఊపితే గోడ మీద వెలుగు ఊగుతుంది, ఆ ఊపులోనే ట్యాగ్ తన నంబరు చెప్తుంది. ఎండ లేకపోతే అద్దం ఏం చేస్తుంది? రీడర్ దగ్గర లేకపోతే ట్యాగ్ కూడా అంతే.

దూరం ఎంత అంటారా? మన దేశంలో 865 నుంచి 868 దాకా లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చు, రీడర్ యాంటెన్నా నుంచి గట్టిగా 4 వాట్లు. ఆ శక్తితో ఇప్పటి మంచి చిప్పులు ఖాళీ మైదానంలో పది ఇరవై మీటర్లు పలుకుతాయి. అడ్డంగా టమాటాలు, మనుషులు, ఇనుము ఉంటే అందులో సగం కూడా రాదు. చేవెళ్లలో ఉన్న క్రేట్ బోయిన్‌పల్లిలో ఫోన్‌కి కనిపించే దారి ఈ పద్ధతిలో లేదు.

మైక్రోవాట్
యాంటెన్నా గారు చెప్పినదానికి లెక్క జోడిస్తాను. నేను పని చేసేది సరిగ్గా దీని మీదే, చుట్టూ ఉన్న వెలుతురు, వేడి, రేడియోల నుంచి కరెంటు పోగేసే సర్క్యూట్లు.

రోడ్డు మీద నిలబడితే టవర్ల నుంచి చిన్న యాంటెన్నాకి దొరికే శక్తి మామూలుగా ఒక మైక్రోవాట్‌కి లోపే. ఉదారంగా పూర్తి ఒక మైక్రోవాట్ అనుకుందాం, చుక్క కూడా పోకుండా పట్టామనుకుందాం. రోజుకి 86,400 సెకన్లు. ఒక వాట్ ఒక సెకను నడిస్తే ఒక జౌల్, మైక్రోవాట్ అంటే వాట్‌లో పది లక్షలో వంతు. రోజంతా పోగేస్తే 0.0864 జౌళ్లు వస్తాయి.

ఇక ఖర్చు. టవర్‌కి వినపడాలంటే ఎన్‌బీ ఐఓటీ (మీటర్ల లాంటి చిన్న పరికరాల కోసం సెల్ నెట్‌వర్క్‌లో ఉన్న పద్ధతి) మాడ్యూల్ 200 మిల్లీవాట్ల దాకా గాల్లోకి వదలాలి, అందుకు లోపలికి తీసుకునేది దానికి రెండు మూడు రెట్లు ఉంటుంది. నెట్‌వర్క్ వెతుక్కుని, కనెక్ట్ అయి, నాలుగు ముక్కలు పంపి పడుకునేసరికి సిగ్నల్ బాగున్న చోట కూడా ఒక జౌల్ పైమాటే. ఎక్కడున్నదో తెలియాలంటే జీపీఎస్ కావాలి. అది మొదటి నుంచి ఉపగ్రహాలని వెతుక్కోవాలంటే పాతిక మిల్లీవాట్ల చొప్పున అర నిమిషం, అంటే ఇంకో ముప్పావు జౌల్. మొత్తం కలిపితే దాదాపు మూడు వారాలు పోగేస్తే ఒక్క మెసేజ్. అదీ కాగితం మీద. నిజంలో పోగేసే కెపాసిటర్ నుంచి కారిపోయేదే ఒక మైక్రోవాట్ కంటే ఎక్కువ, కాబట్టి ఆ మెసేజ్ ఎప్పటికీ పోదు.

ఆ సేల్స్ అతన్ని ఒక్క ప్రశ్న అడగండి: ఒక మెసేజ్‌కి ఎన్ని జౌళ్లు, అవి ఎక్కడినుంచి వస్తాయి? జవాబు చెప్పలేనివాడి దగ్గర ఏదీ కొనొద్దు.

పాత_టవర్
మైక్రోవాట్ మేడం లెక్క సరిగ్గా ఉంది. టెలికాంలో చాలా ఏళ్లు చేశాను కాబట్టి నెట్‌వర్క్ వైపు నుంచి చెప్తాను.

ఎన్‌బీ ఐఓటీ, చిన్న పరికరాల కోసమే ఉన్న ఇంకో పద్ధతి ఎల్‌టీఈ ఎం, రెండూ 2016లో వచ్చాయి, మొబైల్ నెట్‌వర్క్‌ల ప్రమాణాలు రాసే 3జీపీపీ సంస్థ 13వ విడతతో (రిలీజ్ 13). ఎన్‌బీ ఐఓటీ వాడుకునేది కేవలం 180 కిలోహెర్ట్జ్. 2జీ కాలపు జీపీఆర్‌ఎస్ కంటే 20 డెసిబెల్స్ ఎక్కువ లోతుకి, అంటే సిగ్నల్ వందో వంతే ఉన్న చోటికి కూడా పోవాలని డిజైన్ చేశారు. సెల్లార్‌లో, ఇనుప పెట్టెలో ఉన్న మీటర్ కూడా పలకాలని ఆ తాపత్రయం. ఎలా సాధించారంటే, అదే మాటని మళ్లీ మళ్లీ చెప్పించి. పరికరం నుంచి టవర్ వైపు ఒక్కో మాట 128 సార్ల దాకా రిపీట్ అవుతుంది. వినపడుతుంది, కానీ అన్నిసార్లూ చెప్పడానికి కరెంటు ఎవరిస్తారు? సిగ్నల్ పలచనైన పొలాల్లో మేడం చెప్పిన ఒక్క జౌల్ పది, ఇరవై అవుతుంది.

తక్కువ కరెంటు నెట్‌వర్క్ అన్న పేరు విని మాట్లాడేటప్పుడు తక్కువ వాడుతుందని అందరూ అనుకుంటారు. ఆ పొదుపంతా నిద్రలో ఉంది. పీఎస్‌ఎం అనే ఏర్పాటులో పరికరం నెట్‌వర్క్‌కి చెప్పి పడుకుంటుంది, రోజుల తరబడి లేవకపోయినా రిజిస్ట్రేషన్ పోదు. 5 వాట్ అవర్ల బ్యాటరీతో పదేళ్లు నడవాలన్న లక్ష్యం అలా కుదిరింది. 5 వాట్ అవర్లంటే 18,000 జౌళ్లు. ఆ మూట చేతిలో ఉంటేనే పదేళ్ల ఆట.

ఇంకో సంగతి. ఎన్‌బీ ఐఓటీ కదలని వస్తువుల కోసం పుట్టింది. మాట్లాడుతూ ఉండగా ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కి అప్పగింత అందులో లేదు. ఎల్‌టీఈ ఎంలో ఉంది. మన దగ్గర బండ్ల ట్రాకర్లలో నాకు ఎక్కువగా కనిపించేవి మాత్రం మామూలు 4జీ మీద నడిచే క్యాట్ 1 బిస్ అనే రకం మాడ్యూళ్లు. చవగ్గా దొరుకుతాయని 2జీ ట్రాకర్లు కొనేవాళ్లు కూడా ఉన్నారు, జియోలో 2జీయే లేదన్న సంగతి గుర్తుపెట్టుకోండి.

నా సలహా ఏంటంటే బ్యాటరీ అంటే భయపడకండి. లిథియం థయోనైల్ క్లోరైడ్ సెల్ ఏడాదికి ఒక శాతం దాకానే తనంతట తాను తగ్గుతుంది, 85 డిగ్రీల వేడి కూడా ఓర్చుకుంటుంది. పదిహేను ఇరవై క్రేట్లకి ఒక బ్యాటరీ ట్రాకర్ చొప్పున పెట్టండి. అవి ఎటు పోతే మిగతావీ అటే పోయాయని అర్థమవుతుంది.

మైక్రోవాట్
పాత_టవర్ గారూ, చివరి మాట దగ్గర మాత్రం ఒప్పుకోలేను. క్రేట్ ధర కొన్ని వందలు. ట్రాకర్ దానికి ఎన్నో రెట్లు. పైగా విరిగిన క్రేట్లు ఏమవుతాయి? గ్రైండింగ్‌కి పోతాయి, పలుకులై మళ్లీ ప్లాస్టిక్ అవుతాయి. ఎవరూ గమనించకుండా లిథియం సెల్ ఉన్న క్రేట్ ఆ మిషన్‌లో పడితే మంటలే. అక్కడ పని చేసేది రోజు కూలీలు. వాళ్ల సంగతి ఆలోచించకుండా వేల క్రేట్లలోకి బ్యాటరీలు ఎక్కించడం నాకు నచ్చదు. బ్యాటరీ లేని ట్యాగుల కోసం మేం ఇంత పాటుపడేది ఎక్కువగా ఇందుకే.

పాత_టవర్
గ్రైండింగ్ సంగతి నిజమేనమ్మా, ఒప్పుకుంటాను. అయితే బ్యాటరీ బండికి పరిమితం చేద్దాం, క్రేట్‌కి వద్దు.

జీడిమెట్ల_గోడౌన్
క్రేట్లన్నా, మేం ఆర్‌ఎఫ్‌ఐడీ, అంటే ఫాస్టాగ్ లాంటి ఈ రేడియో ట్యాగులే వాడుతున్నాం, మాది గ్యాస్ సిలిండర్ల స్టోర్. అనుభవం మీద నాలుగు మాటలు.

మీకు ఒక అదృష్టం ఉంది, మీ క్రేట్ ప్లాస్టిక్. మాకు ఇనుము. మామూలు స్టిక్కర్ ఇనుము మీద అతికిస్తే చచ్చిపోయినట్టే, దాని కోసం మధ్యలో ఎడం ఉన్న ప్రత్యేకమైన ట్యాగులు కొనాల్సి వచ్చింది. మీకు ఆ ఖర్చు లేదు. కానీ మీకు నీళ్లున్నాయి. టమాటా నిండా నీళ్లే, అది ఈ తరంగాన్ని తాగేస్తుంది. కాబట్టి ట్యాగ్ క్రేట్ మధ్యలో వద్దు, పై అంచు కింద, బయటి వైపు పెట్టండి. కాగితం స్టిక్కర్ కొన్ని రూపాయలకే వస్తుంది కానీ మీరు క్రేట్లు కడుగుతారు, ఎండలో పేరుస్తారు, హమాలీలు ఈడుస్తారు. సీజన్ కాకముందే ఊడిపోతుంది. గట్టి ప్లాస్టిక్ కేసులో వచ్చేవి రివెట్ కొట్టించండి, ఖరీదు ఎక్కువైనా.

రీడర్‌ని లారీ మొత్తం మీదికి తిప్పి అన్నీ ఒకేసారి చదివేస్తానని ఎవరైనా అంటే నమ్మకండి. నిండు లారీలో మధ్య వరుసలు పలకవు. తోపుడు బండి మీద దొంతరలు దొంతరలుగా గేటు దాటించండి, రెండు పక్కలా యాంటెన్నాలు పెట్టండి. అలా అయితే బాగా చదువుతుంది. ఖాళీ క్రేట్లు తిరిగొచ్చేటప్పుడు ఇంకా తేలిక, నీళ్లు ఉండవు కదా.

చేవెళ్ల_రైతు
నేను టమాటా, క్యారెట్ పెడతాను. క్రేట్ల గొడవలో రెండో వైపు నాది, అందుకే రాస్తున్నా.

క్రేట్లు మేం దాచుకుంటామని పట్నంలో అనుకుంటారు. ఖాళీ క్రేట్ మాకెందుకు? లారీ సరుకు ఎక్కించుకుని పోతుంది, ఖాళీవి వచ్చే వారం తీసుకుంటానంటాడు. వచ్చే వారం వేరే డ్రైవర్ వస్తాడు, అతనికి ఆ సంగతే తెలీదు. వానకి, ఎండకి గట్టు మీద పడుంటాయి. పక్క ఊరి ఏజెంటు కొరత అని నాలుగు పట్టుకుపోతాడు. సీజన్ చివర్లో డిపాజిట్ కోసేది మాత్రం నాకు. నేను ఎన్ని తిరిగిచ్చానో నా దగ్గర ఏ కాగితమూ ఉండదు, డ్రైవర్ లెక్కే లెక్క.

మీరు ట్యాగ్ పెట్టండి, సంతోషం. కానీ చదివింది మీ ఫోన్‌కి ఒక్కదానికే పోతే నాకు ఒరిగేదేం లేదు. లారీ మా దగ్గర ఖాళీ క్రేట్లు ఎక్కించుకున్నప్పుడే నాకు ఒక మెసేజ్ రావాలి, ఇన్ని ముట్టాయని. అది రాకపోతే ఇప్పుడు పుస్తకం చూపించి కోసేది రేపు కంప్యూటర్ చూపించి కోస్తారు.

బోయిన్‌పల్లి_క్రేట్లు
రైతన్నా, మీరు చెప్పింది సూటిగా తగిలింది. ఖాళీ క్రేట్లు ఎక్కించుకునే చోట లెక్క లేకపోవడమే అసలు చిక్కు. ఇన్నాళ్లూ గోడౌన్ గేటు దగ్గరే చూస్తూ వచ్చాం.

మెసేజ్ ఇద్దరికీ పోవాలి, ఒప్పుకుంటున్నా. డిపాజిట్ కూడా ఆ మెసేజ్ ప్రకారమే తెగాలి.

అయితే లారీలోనే రీడర్ పెట్టొచ్చా? కరెంటు సంగతి ఏంటి?

యాంటెన్నా
పెట్టొచ్చు, అదే సరైన చోటు కూడా. లారీలో 12 లేదా 24 వోల్టుల బ్యాటరీ ఉంది, ఇంజిన్ నడిచినంతసేపూ ఛార్జ్ అవుతుంది. రీడర్‌కి కావాల్సిన వాట్లు అక్కడ దండిగా దొరుకుతాయి. టవర్‌తో మాట్లాడే 4జీ మాడ్యూల్, జీపీఎస్ కూడా అక్కడే. క్రేట్ మీద ఉండేది ఊరికే నంబరు చెప్పే ముక్క. కరెంటు తినే పనులన్నీ కరెంటు ఉన్న చోటికి మార్చేశాం, క్రేట్ తేలిగ్గా మిగిలింది. సిగ్నల్ లేని చోట చదివింది దాచుకుని, టవర్ దొరకగానే పంపుతుంది. రైతుకి మెసేజ్ ఆలస్యంగా పోకూడదంటే డ్రైవర్ చేతిలో చిన్న తెర ఉండి, చదివిన లెక్క అక్కడికక్కడే ఇద్దరూ చూసుకోవాలి.

సిమ్ మాత్రం మామూలుది వేయకండి. యంత్రాల కోసం 13 అంకెల నంబర్లతో ఎం2ఎం సిమ్‌లు ఉంటాయి. కంపెనీ పేరు మీద తీసుకోండి, డ్రైవర్ పేరు మీద వద్దు.

కోల్డ్_చైన్
మధ్యలో వస్తున్నా, క్షమించండి. నేను శామీర్‌పేట వైపు మందుల రవాణాలో ఉన్నాను. మాకు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన పెట్టెలు ఉంటాయి. వ్యాక్సీన్ పెట్టెకి కూడా బ్యాటరీ లేని ట్యాగ్ చాలంటారా? ఉష్ణోగ్రత చదివే ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు ఉన్నాయని విన్నాను.

మైక్రోవాట్
ఉన్నాయి, కానీ మీ పనికి సరిపోవు. అవి రీడర్ లేపిన క్షణంలో ఎంత ఉందో చెప్తాయి. రాత్రి రెండు గంటలకి ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంచితే ఆ సమయంలో దాన్ని లేపినవాళ్లు ఎవరూ లేరు, కాబట్టి దానికి తెలీదు. మీకు కావాల్సింది ప్రతి కొన్ని నిమిషాలకీ రాసుకునే లాగర్, అంటే గడియారం ఆగకుండా నడవాలి, అంటే బ్యాటరీ. ప్రాణాల మీదికి వచ్చే చోట బ్యాటరీ ఉన్నదే వాడండి, వాడాక సరిగ్గా రీసైక్లింగ్‌కి పంపండి.

కోల్డ్_చైన్
థ్యాంక్స్ మేడం. మా వాళ్లకి ఇదే చూపిస్తాను.

బోయిన్‌పల్లి_క్రేట్లు
ఆ సేల్స్ అతనికి మైక్రోవాట్ మేడం ప్రశ్న పంపించాను. "యాంబియంట్ ఐఓటీ వచ్చేసింది, 5జీలోనే ఉంది" అని జవాబిచ్చాడు. జౌళ్ల సంగతి ఎత్తలేదు. ఈ యాంబియంట్ ఐఓటీ ఏంటండీ?

మైక్రోవాట్
అది నిజమైన విషయమే, నాకు ఎంతో ఇష్టమైన విషయం కూడా, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను.

యాంబియంట్ ఐఓటీ అంటే బ్యాటరీ లేకుండా, చుట్టూ ఉన్న రేడియో తరంగాల లాంటివాటితోనే పరికరాలు పలికేలా చేయడం. ఈ ఆలోచన పాతది. 1945లో మాస్కోలో అమెరికా రాయబారికి బహుమతిగా ఇచ్చిన కొయ్య ఫలకంలో థెరెమిన్ అనే రష్యన్ ఇంజనీర్ చేసిన మైక్ దాగి ఉంది. దానికి బ్యాటరీ లేదు, తీగ లేదు. బయటి నుంచి రేడియో తరంగం కొట్టినప్పుడే అది మాటల్ని తిప్పికొట్టేది. 1952 దాకా కనిపెట్టలేకపోయారు. తిప్పికొట్టిన తరంగంతో మాట్లాడుకోవచ్చని 1948లో హ్యారీ స్టాక్‌మన్ పేపర్ రాశాడు. 2013లో వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు ఇంకో అడుగు వేశారు: ప్రత్యేకంగా రీడర్ కూడా లేకుండా, గాల్లో ఉన్న టీవీ ప్రసారాన్నే తిప్పికొట్టి రెండు పరికరాలు మాట్లాడుకునేలా చేశారు. విలియట్ అనే ఇజ్రాయెల్ కంపెనీ బ్యాటరీ లేని బ్లూటూత్ స్టిక్కర్లు అమ్ముతోంది, వాటికి దగ్గర్లో శక్తినిచ్చే పెట్టెలు ఉండాలి.

3జీపీపీ ఇప్పుడు దీన్నే సెల్ నెట్‌వర్క్‌లోకి తెస్తోంది, రిలీజ్ 19లో మొదలైంది. అన్నిటికంటే చిన్న రకం పరికరానికి వాళ్లు పెట్టుకున్న గీత సుమారు ఒక మైక్రోవాట్. కాస్త పెద్ద రకానికి కొన్ని వందల మైక్రోవాట్లు. దూరం? పది నుంచి యాభై మీటర్ల లెక్కలో. మొదటి అడుగు కట్టడాల లోపల వాడకానికే, గోడౌన్‌లో ఏమేం ఉన్నాయో లెక్కపెట్టడం లాంటి పనులకి. రోడ్డు పక్క పెద్ద టవర్ పొలంలో ఉన్న మీ క్రేట్‌ని పలకరించడం అందులో లేదు. మీ గోడౌన్ కప్పుకి చిన్న బేస్ స్టేషన్ ఒకటి వేలాడదీస్తే, రీడర్ చేసే పని అది చేస్తుంది.

దూరం ఎందుకు పెరగదంటే, తిప్పికొట్టే తరంగం వెళ్లేటప్పుడూ పలచబడుతుంది, వచ్చేటప్పుడూ పలచబడుతుంది. దూరం రెట్టింపైతే తిరిగొచ్చేది పదహారో వంతు. దీన్ని ఏ రిలీజూ మార్చలేదు.

పాత_టవర్
దీనికి ఒక మాట కలుపుతాను, మన ఊరి విషయం కాబట్టి. కంది ఐఐటీ హైదరాబాద్‌లో పుట్టిన వైసిగ్ నెట్‌వర్క్స్, సైయెంట్ కంపెనీతో కలిసి కోలా అనే ఎన్‌బీ ఐఓటీ చిప్ చేసింది. ఇక్కడే డిజైన్ చేసిన చిప్. మన పిల్లలు ఇలాంటి పని చేస్తుంటే, ఎక్కడినుంచో తెచ్చిన స్టిక్కర్‌కి అబద్ధాలు చెప్పి అమ్మేవాళ్లని చూస్తే బాధేస్తుంది.

మైక్రోవాట్
ఇంకొకటి, సోలార్ సంగతి ఎవరూ ఎత్తలేదు. లారీ టాప్ మీద అయితే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మన మధ్యాహ్నపు ఎండలో చదరపు సెంటీమీటరుకి సుమారు 100 మిల్లీవాట్లు పడతాయి, మంచి సెల్ అందులో ఐదో వంతు ఇస్తుంది, అంటే 20 మిల్లీవాట్లు. అదే సెల్ గోడౌన్ ట్యూబ్‌లైట్ కింద ఇచ్చేది పది మైక్రోవాట్ల లెక్కలో, అంటే రెండు వేలో వంతు. ఇంజిన్ లేని ట్రాలీలు ఏవైనా ఉంటే అరచేయంత ప్యానెల్, ఒక ఫారడ్ సూపర్ కెపాసిటర్ పెట్టండి. 5 వోల్టుల నుంచి 3 దాకా దిగేసరికి అది 8 జౌళ్లు ఇస్తుంది, మూడు నాలుగు మెసేజ్‌లకి చాలు. మళ్లీ ఎండలోకి రాగానే కొద్ది నిమిషాల్లో నిండుతుంది. బ్యాటరీ లేకుండా టవర్‌తో మాట్లాడటం అంటే ఇదీ. పెద్ద ప్యానెల్, బయట ఎండ, రోజుకి కొన్ని మెసేజ్‌లు.

బోయిన్‌పల్లి_క్రేట్లు
మాకు ట్రాక్టర్ ట్రాలీలు ఉన్నాయి మేడం, కాబట్టి అది వాటికి పనికొస్తుంది.

అడ్వాన్స్ ఇవ్వనని చెప్పేశాను. ముందు ఒక్క లారీతో మొదలుపెడతాం, చేవెళ్ల రూటు. ఆ లారీకి రీడర్, గోడౌన్ గేటుకి ఇంకోటి, ఆ రూటులో తిరిగే క్రేట్లకే ట్యాగులు. రైతన్నా, మీ దగ్గర ఎక్కించే చోట మెసేజ్ సరిగ్గా వస్తుందో లేదో మీరే చూసి చెప్పాలి.

చేవెళ్ల_రైతు
తప్పకుండా. మా ఊళ్లో క్రేట్లు తీసుకునే మిగతా ఇద్దరు ముగ్గురికి కూడా చెప్తా. మెసేజ్ తెలుగులో రావాలి, అది రాసుకోండి. మా నాన్న కూడా చదువుకోవాలి.

యాంటెన్నా
గేటు వెడల్పు ఎంత, పైన ఇనుప రేకులా సిమెంటు కప్పా? రేకులైతే తరంగం కొట్టుకుని తిరిగి, పక్కన పేర్చి ఉన్న క్రేట్లు కూడా చదివేస్తుంది. లోపలికి రాని క్రేట్ వచ్చినట్టు లెక్కలో పడుతుంది.

బోయిన్‌పల్లి_క్రేట్లు
వెడల్పు పన్నెండు అడుగులు, రేకుల కప్పే. గేటు పక్కనే ఖాళీ క్రేట్లు పేరుస్తాం.

జీడిమెట్ల_గోడౌన్
ఆ దొంతర్లని గోడౌన్ వెనక్కి మార్చేయండి అన్నా, మొదటి పని అదే. యాంటెన్నాలు తర్వాత. రీడర్ పవర్ కూడా నిండుగా పెట్టకండి, తోపుడు బండి అందేంత దాకా తగ్గించుకుంటూ రండి. శనివారం ఖాళీగా ఉంటే మా స్టోర్‌కి రండి, మా గేటు ఎలా కట్టామో చూపిస్తాను. మీ క్రేట్ ఒకటి వెంట తెచ్చుకోండి, మా రీడర్ మీద అక్కడే పరీక్షిద్దాం.